ముల్లు ఎక్కడ ఆగింది? కాటా మీద మీ ప్రశ్నలు, మాస్టారి జవాబులు

పోయిన సంచికలో పిల్లల పేజీలో ఒక గుండ్రటి కాటా బొమ్మ వేశాం, గుర్తుండే ఉంటుంది. రెండు కిలోల కాటా. కిలోకీ కిలోకీ మధ్య నాలుగు చిన్న గీతలు. ముల్లు 1 దాటి రెండో చిన్న గీత మీద ఆగింది. బరువెంత అని అడిగాం, అంతే. 1 కిలో 2 గ్రాములు అని కొందరు, 1 కిలో 20 అని కొందరు, 1 కిలో 200 అని ఇంకొందరు రాశారు. అన్నీ పిల్లలు రాసినవే అనుకోకండి, పిల్లల పేరు పెట్టి పెద్దవాళ్లు రాసినవీ ఉన్నాయి, దస్తూరీ చూస్తే తెలిసిపోదా! సరైన జవాబు 1 కిలో 400 గ్రాములు. రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన మాత్రం కార్డు మీద ఒక్క ముక్క రాసి పంపారు: "వీశె". నవ్వొచ్చింది గానీ ఆయన రాసింది నూటికి నూరుపాళ్లు రైటు. వీశె అంటే 120 తులాలు, తులం 11.66 గ్రాములు, గుణించి చూసుకోండి, 1400కి గ్రాము కంటే ఎక్కువ తేడా రాదు. మెట్రిక్ తూకాలు మనకు 1958 అక్టోబరు నుంచి విడతలు విడతలుగా వచ్చాయి కాబట్టి ఆయన చిన్నప్పుడు బెల్లం వీశెల లెక్కనే కొని ఉంటారు.

ఆ బొమ్మ పుణ్యమా అని ఈసారి డబ్బా నిండా కాటా ప్రశ్నలే. పత్తి ధర గురించి అడిగినాయనా, మీది వచ్చే నెల.

మాస్టారూ, మా పాప నాలుగో తరగతి. పావుకిలో, అరకిలో అంటే బాగానే తెలుసు, కొట్టుకు పంపితే సరిగ్గా తెస్తుంది. కాటా బొమ్మ చూపిస్తే మాత్రం 2 దాటి మూడు గీతలుంటే 2 కిలోల 3 గ్రాములు అంటుంది. పదిసార్లు చెప్పాను. నాకు టెన్షన్, దానికి ఏడుపు.
— ఒక తల్లి, తెనాలి

ముందు ఆ పదకొండోసారి చెప్పడం ఆపండమ్మా. పాప చేసింది తప్పే, కానీ తెలివితక్కువ తప్పు కాదు. స్కేలుతో గీతలు కొలిచేటప్పుడు మనమే నేర్పాం కదా, చిన్న గీత ఒక్కోటి ఒక మిల్లీమీటరు అని. అంటే గీత ఒకటైతే లెక్క ఒకటి. ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చుకుంది. కాటా దగ్గర అది చెల్లదు, ఎందుకంటే ఇక్కడ గీత విలువ తయారుచేసినవాడి ఇష్టం. ఒకడు కిలోని పది ముక్కలు చేస్తాడు, ఒకడు ఐదు, ఒకడు ఇరవై, ఇంకొకడు నలభై. అందుకని ముల్లు వైపు చూడకముందే పాపని అడగాల్సింది ఒకటుంది: "ఈ కాటాలో ఒక గడి ఎంత?" ఇది తేలకుండా ముల్లు చూసి లాభం లేదు. మా క్లాసులో నేను ముల్లు మీద బొటనవేలు అడ్డం పెట్టి మరీ అడిగేవాణ్ణి.

గడి అన్నాను, గీత అనలేదు, గమనించారా. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సున్నాకీ ఒకటికీ మధ్య తొమ్మిది చిన్న గీతలుంటే పిల్లలు తొమ్మిది భాగాలంటారు, చివరి పెద్ద గీతలు రెండూ కలుపుకున్న పిల్ల పదకొండంటుంది. ఉన్నవి పది. పాప చెయ్యి చాపమనండి, వేళ్లెన్ని, ఐదు. సందులెన్ని, నాలుగు. ఇది ఒక్కసారి చూపిస్తే చాలు. ఇంకా బాగా పట్టుబడాలంటే తొక్కుడుబిళ్ల గుర్తుచెయ్యండి. అందులో కాలు గడిలో పడాలి, గీత తొక్కితే అవుట్. కాటా మీద కూడా వేలు అలాగే గెంతాలి, గెంతుకి ఒక అంకె. మీ పాప తొక్కుడుబిళ్ల ఆడకపోతే నేను చెప్పేదేం లేదు, ఫోను పక్కనపెట్టి ముందు అది నేర్పండి.

గడులు లెక్క తేలాక వెయ్యిని పంచడం ఉంటుంది, చాలామంది పిల్లలు నిజానికి ఆగిపోయేది ఇక్కడే, మనం చూసి కాటా రావట్లేదనుకుంటాం. 1000ని 20తో భాగించు అంటే నీళ్లు నములుతారు. వెయ్యి రూపాయలు ఇరవై మందికి పంచితే తలా ఎంత అనండి, యాభై అని ఠక్కున వస్తుంది. పది గడులైతే వంద, ఇరవై అయితే అందులో సగం యాభై, ఐదయితే రెండొందలు, నాలుగైతే పావుకిలో. ఈ నాలుగూ వచ్చాయంటే ఇళ్లల్లో, పుస్తకాల్లో కనపడే కాటాల్లో చాలావాటితో పని జరిగిపోతుంది.

మీ పాపకి పావుకిలో తెలుసు అన్నారు చూడండి, ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అది. దాన్ని వదిలేసి గ్రాములతో ఎందుకు మొదలుపెడతారు? ఒక అట్టముక్క మీద పళ్లెం బోర్లించి గుండ్రంగా గీసి కత్తిరించండి. దాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి విప్పితే నాలుగు మడతలొస్తాయి. పైన సున్నా, కుడివైపు పావు, కింద అర, ఎడమవైపు ముప్పావు, తిరిగి పైకొస్తే కిలో. గ్రాములు ఇంకా రాయొద్దు. మధ్యలో గుండుసూది గుచ్చి చీపురుపుల్ల ముక్క ముల్లుగా పెట్టండి. "పావుకిలో టమాటాలమ్మా" అనండి, పాప పుల్ల తిప్పాలి. "ముప్పావు వంకాయలు" అనండి. రెండు రోజులు ఇలా ఆడాక, అప్పుడు పావు పక్కన 250 అని రాయండి, అర పక్కన 500. తర్వాత సున్నాకీ పావుకీ మధ్య ఐదు గడులు కొట్టి గడి ఎంత అని అడగండి. యాభై అని తనే చెప్తుంది, మీరు చెప్పకండి, నోటి దాకా వచ్చినా ఆపుకోండి.

ఆ తర్వాత నిజం కాటా. మా ఇంట్లో ఉన్నది ఐదు కిలోలది, కిలోకి ఇరవై గడులు. మా మనవడికి ఉల్లిపాయలతో చూపించాను. ఒక్కో పాయ వెయ్యడం, ముల్లు ఎంత కదిలిందో చూడటం. పెద్ద పాయ వేస్తే రెండు గడులు దాటి కొంచెం ఊగి ఆగింది. చిన్నది వేస్తే ఒక గడి కూడా నిండలేదు, "తాతా, సగం గడి" అన్నాడు. సగం గడి అంటే 25 అని వాడికి నేను చెప్పలేదు. వేడిగా ఉన్నప్పుడే అడిగాను, కిలో కావాలంటే ఇంకా ఎన్ని పాయలు వెయ్యాలి అని. పన్నెండు అన్నాడు, పదకొండుకే వచ్చేసింది, ఒక పెద్దపాయని చిన్నది అనుకున్నాడట. వాదన చాలాసేపు నడిచింది.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. 1 కిలో 50 గ్రాములని 1.50 అని రాసేస్తారు పిల్లలు, అది కిలోన్నర అయిపోతుంది. దశాంశాలు గట్టిపడేదాకా 1050 గ్రాములు అనే రాయించండి, తొందరేం లేదు.

మావాడికి గడియారం చూడటం బాగా వచ్చు. అయినా కాటాలో ముల్లు 3 మీద ఉంటే 15 అంటున్నాడు. ఇదెక్కడి గోల సార్?
— కరీంనగర్

గడియారం బాగా రావడం వల్లే ఈ గోల. నిమిషాల ముల్లు 3 మీదుంటే 15 అని మీరే కదా నేర్పింది! వాడి కళ్లకు గుండ్రటిది ఏదైనా గడియారమే. గడియారంలో అంకెకీ అంకెకీ మధ్య ఎప్పుడూ ఐదే గడులు, ప్రపంచంలో ఏ గడియారం కొన్నా అంతే, కాబట్టి అక్కడ గడి విలువ ఎవరూ అడగరు. ఇక్కడ ప్రతి కాటాకీ అడగాలి. రెంటినీ పక్కపక్కన పెట్టి తేడాలు వాణ్ణే చెప్పమనండి: దానికి రెండు ముళ్లు, దీనికి ఒకటి. దాంట్లో పైన 12, దీంట్లో పైన సున్నా. అది ఎవరూ ముట్టుకోకపోయినా తిరుగుతుంది, ఇది బరువు వేస్తేనే తిరుగుతుంది, తీస్తే వెనక్కి వస్తుంది. గడియారం వెనక్కి రాదు.

ఒక్క జాగ్రత్త. కొన్ని కాటాల్లో చుట్టు పూర్తయ్యేసరికి సున్నా, ఆఖరి అంకె ఒకే చోట ఉంటాయి. ఐదు కిలోల కాటా మీద ఐదున్నర వేస్తే ముల్లు సున్నా దాటి అరకిలో దగ్గర ఆగినా ఆగొచ్చు, పిల్లాడు అరకిలో అంటాడు, వాడి తప్పు లేదు. బరువు చేత్తో ఎత్తి చూసే అలవాటుంటే నమ్మడు. ముందు చెయ్యి, తర్వాత కాటా, ఈ వరస మార్చకండి.

బాత్రూంలో నిలబడి చూసుకునే మిషను మాత్రం ఇప్పుడే చూపించొద్దు. చాలావాటిలో అంకెల పళ్లెం తిరుగుతుంది, గీత కదలకుండా ఉంటుంది. ఇది గట్టిపడ్డాక దాని దగ్గరికి వెళ్లొచ్చు.

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నలభై మంది పిల్లలు, కాటా ఒక్కటే. అందరూ మీద పడిపోతారు, ఒకరు 600 అంటే పక్కవాళ్లు 650 అని గొడవ. ఎలా నడపాలి?
— మహబూబ్‌నగర్ జిల్లా

ఆ గొడవ మీకు దొరికిన వరం టీచరమ్మా, చేజార్చుకోకండి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఇద్దరికీ అలాగే కనిపిస్తోంది. ముల్లుకీ అంకెల పళ్లేనికీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది కదా, ఎడమవైపు నుంచి చూసేవాడికి ముల్లు కుడికి జరిగినట్టుంటుంది, కుడివైపు వాడికి ఎడమకి. బస్సులో పక్క సీట్లో కూర్చుని డ్రైవరు ముందున్న స్పీడు ముల్లు చూస్తే తేడాగా కనపడేది ఇందుకే. ఆ ఇద్దర్నీ చోట్లు మార్చుకోమనండి. 600 అన్నవాడు 650 అంటాడు, క్లాసంతా ఘొల్లుమంటుంది. అప్పుడు ముల్లుకి సూటిగా, కళ్లు అదే ఎత్తులో పెట్టి చూడాలి అని ఒక్క మాట చెప్తే చాలు.

కాటా ఒక్కటే అయినా పలకలు నలభై ఉన్నాయి కదా. ఒక పిల్ల బరువు వేస్తుంది, ఒకడు చూస్తాడు, మిగతా ముప్ఫై ఎనిమిది మంది ముందే అంచనా పలక మీద రాసి బోర్లించాలి. దగ్గరగా వచ్చినవాడు తర్వాతి వంతు కాటా దగ్గరికి. కొత్త సామాన్లేమీ కొనక్కర్లేదు. ఒక లీటరు నీళ్లు కిలో బరువు తూగుతాయి, బాటిల్ బరువు అదనం. ఖాళీ బాటిల్‌తో ముల్లు ఎక్కడుందో చూసి, నీళ్లు పోశాక చూస్తే తేడా కిలో రావాలి. సగం పోస్తే? పావు పోస్తే? ఇక్కడే తీసివేత లెక్కలు వాటంతటవే వచ్చిపడతాయి.

వాళ్లకి కొంచెం అలవాటయ్యాక మీ ఇంటి నుంచి లీటరు నూనె ప్యాకెట్ ఒకటి పట్టుకెళ్లండి. ఎంత ఉంటుందో రాయమంటే క్లాసంతా కిలో అని రాస్తుంది, నీళ్లు చూశారు కదా. ముల్లు కిలో దాకా పోదు, తొమ్మిదొందలు దాటి అక్కడే నిలబడుతుంది. కాటా తప్పు అంటారు, కొట్టువాడు మోసం చేశాడంటారు. అప్పుడు ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు చదివించండి, లీటరు పక్కనే 910 గ్రాములు అని సాధారణంగా రాసి ఉంటుంది. నూనె నీళ్ల మీద ఎందుకు తేలుతుందో పై క్లాసులో ఎవరో పాఠం చెప్తారు, మీ పిల్లలకి అప్పటికే తెలిసి ఉంటుంది. అరలీటరు పాల ప్యాకెట్ తెస్తే ఇంకో తమాషా, అది 500 కంటే కాస్త ఎక్కువే తూగుతుంది.

మేము డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి స్కూల్లో కాటా పౌండ్లు, ఔన్సుల్లో ఉంటుంది. నాకే అర్థం కాదు, కిలో అయితే చెప్పగలను. పౌండుకి పదహారు గడులేమిటండీ?
— ఒక తండ్రి

పౌండుకి పదహారు ఔన్సులు, కాబట్టి పదహారు గడులు. ఎనిమిదే గీస్తే గడికి రెండు ఔన్సులు. మీకు పదితో అలవాటైంది కాబట్టి ఇబ్బంది. మీ అమ్మగారో అత్తగారో అక్కడికి వచ్చి ఉంటే, డెబ్బై దాటినవారైతే, ఈ పని వాళ్లకి అప్పగించండి. రూపాయికి పదహారు అణాలు కదా! నాలుగు అణాలు పావలా, ఎనిమిది అణాలు అర్ధరూపాయి, పన్నెండు అణాలు ముప్పావలా. అలాగే నాలుగు ఔన్సులు పావు పౌండు, ఎనిమిది అర, పన్నెండు ముప్పావు. 1957 ఏప్రిల్‌లో మనం రూపాయిని వంద నయాపైసలు చేసుకున్నాం గానీ, అణాల లెక్క ఆ తరం నోట్లో ఇంకా ఆడుతూనే ఉంది. హ్యూస్టన్‌లో మా చెల్లెలు వాళ్ల మనవరాలికి ఇలాగే చెప్పింది, ఆ పిల్ల ఇప్పుడు ఆరు ఔన్సుల్ని "ఆరణాలు" అంటుందట. టీచరు ఏమనుకుంటుందో మరి.

కిలోకి మార్చి చెప్పబోకండి, పౌండు 453 గ్రాముల పైచిలుకు, ఆ లెక్కతో వాడి బుర్ర పాడవుతుంది. కూరగాయల దగ్గర పళ్లెం వేలాడే గుండ్రటి కాటా మీ ఊళ్లో ఎక్కడైనా ఉంటే, ఆపిల్స్ వాడి చేతే వేయించండి.

ఇప్పుడు తోపుడుబండి మీద కూడా డిజిటల్ కాటాలే. అంకె కనపడుతుంది, చదువుకుంటాం. ముల్లు కాటా ఎందుకు నేర్పాలి? మీలాంటివాళ్లకి పాతవాటి మీద మోజు, అంతే.
— పేరు రాయని పాఠకుడు, హైదరాబాద్

మోజు ఉందండీ, దాచుకోను. మీ మాటలో సగం నిజం కూడా ఉంది, రేపు వాడు పెద్దయ్యాక ముల్లు కాటా మీద కూరలు కొంటాడని నేనూ అనుకోవట్లేదు. కానీ డిజిటల్‌లో 0.735 అని పడితే పిల్లాడికి అది ఒక అంకె. ముల్లులో అయితే ముప్పావుకి కొంచెం తక్కువ అని కంటికి కనపడుతుంది, కిలోకి ఇంకా ఎంత దూరమో కనపడుతుంది. బండి టైరులో గాలి చూసే ముల్లు, బీపీ మిషను ముల్లు, అన్నీ ఇదే చదువు. గడి ఎంత అని అడగడం వస్తే పదో తరగతి గ్రాఫు కాగితం దగ్గర కూడా పని చేస్తుంది. అక్కడ స్కేలు తీసుకోవడం రాక మార్కులు పోగొట్టుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో.

ఇంకో సంగతి. గ్యాసు సిలిండరు తెచ్చినప్పుడు తూచి ఇవ్వమని అడిగే హక్కు మనకుంది, వాళ్ల దగ్గర వేలాడదీసే కాటా ఉండాలి, అది చాలాచోట్ల ముల్లుదే. ఆమధ్య మా ఇంటికి వచ్చినతన్ని తూచమంటే మొహం చిట్లించాడు, "ఎవరూ అడగరు సార్" అన్నాడు. అడిగాం. సిలిండరు పైపట్టీ మీద ఖాళీ బరువు 15.8 అని రాసి ఉంది, లోపలి గ్యాసు 14.2 ఉండాలి. మా మనవడు వేళ్ల మీద కలిపి "ముప్ఫై రావాలి" అన్నాడు. ముల్లు ముప్ఫైకి రెండు గడులు ఇవతల ఆగింది. వాడు ముల్లుకి సూటిగా నిలబడి, ఒక కన్ను మూసి మళ్లీ చూశాడు, గడి 200 అని తేల్చి, "నాలుగొందలు తక్కువ" అన్నాడు. అతను ఏం మాట్లాడకుండా దాన్ని తీసుకెళ్లి ఇంకోటి తెచ్చాడు. ఆ కాటా డిజిటల్‌దైతే మావాడికి అంత మజా ఉండేదా అని నాకు అనుమానం.

మా కాటాలో ఏమీ పెట్టకపోయినా ముల్లు 50 దగ్గర ఉంటుంది. పిల్లలకి దీంతో నేర్పవచ్చా?
— గృహిణి, అనకాపల్లి

నేర్పవచ్చు. పళ్లెం కిందో వెనకవైపో చిన్న చక్రం గానీ మర గానీ ఉంటుంది, తిప్పితే ముల్లు సున్నాకి వస్తుంది. ఆ తిప్పడం పిల్లల చేతే చేయించండి, తూచే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడటం అలవాటవుతుంది. ఎంత తిప్పినా రాకపోతే వచ్చిన ప్రతి బరువులోంచీ 50 తీసెయ్యమనండి. లోపల ఉన్నది స్ప్రింగు. ఎంత బరువుకి అంత సాగుతుంది అనే లెక్క మీదే ఆ గీతలన్నీ సమానంగా పడ్డాయి, రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషాయన 1678లో అచ్చువేసిన సూత్రం అది. అయితే మోతాదు మించి సాగదీసినా, నెలల తరబడి బరువు మోయించినా మళ్లీ మొదటి చోటికి రాదు. మీరు ఆ కాటాని పళ్లెంలో ఏదో ఒకటి పెట్టే అల్మారాలో దాస్తున్నారని నా అనుమానం, మా ఇంట్లో అయితే పోపులడబ్బా ఉండేది. దాన్ని ఇవాళే దించండి.